ఫిల్మే అసలు ప్రతి

1930ల చివర్లో ఎలియట్ పోర్టర్ అనే అమెరికన్ తన పిట్టల ఫొటోలు పట్టుకుని హౌటన్ మిఫ్లిన్ అనే ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్లాడు. మనిషి డాక్టరు చదువు చదివి, హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రం మీద, బాక్టీరియా మీద పనిచేసినవాడు. పిట్టలంటే చిన్ననాటి నుంచీ ప్రాణం. పెద్ద కెమెరాను గూటి ఎదుట నిలబెట్టి, ఫ్లాష్ బల్బులు వెలిగించి, ఈకల గీతలు కూడా కనిపించేంత స్పష్టంగా నలుపు తెలుపుల్లో తీసిన ఫొటోలవి. అయినా పుస్తకానికి ఇవి పనికిరావన్నారు. ఏ పిట్ట ఏ జాతిదో పోల్చుకోవాలంటే రంగు ఉండాలన్నారు.

వాళ్ల మాటలో న్యాయముంది. ఉత్తర అమెరికా అడవుల్లో వార్బ్లర్ అనే చిన్న పిట్టలు డజన్ల కొద్దీ జాతులు. ఒకదానికి గొంతు నారింజ, ఒకదానికి పక్కల్లో ఎర్రమట్టి రంగు చార, ఇంకొకదానికి ఒళ్లంతా పసుపు. నలుపు తెలుపు ఫిల్మ్ మీదికి వచ్చేసరికి ఇవన్నీ బూడిదరంగులో కలిసిపోతాయి.

రంగు కావాలని చెప్పడం తేలికే. ఆ రోజుల్లో అచ్చుకు పనికొచ్చే రంగు ఫొటో తీయాలంటే మూడు నెగటివ్‌లు తీయాలి. ప్రకటనల స్టూడియోల్లో వాడే ‘వన్ షాట్’ కెమెరా లోపల అద్దాలుండేవి. లెన్సులోంచి వచ్చిన వెలుగును అవి మూడు పాయలుగా చీల్చి ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల వెనకున్న మూడు ప్లేట్ల మీదికి పంపేవి. ఆ మూడింటి నుంచి మూడు రంగుల ముద్రలు తయారుచేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చాలి. సెంటు సీసాకైనా, బల్ల మీది భోజనానికైనా ఆ తంటాలు పడవచ్చు. పిల్లల నోట్లో పురుగు పెట్టి క్షణంలో ఎగిరిపోయే పిట్టకు ఎలా కుదురుతుంది?

పోర్టర్‌ను గట్టెక్కించినది 1938లో ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీ విడుదల చేసిన షీటు ఫిల్మ్. పేరు కోడాక్రోమ్. మామూలు నలుపు తెలుపు షీటులాగే దాన్ని హోల్డర్‌లో పెట్టి, ఒక్కసారి షట్టర్ తెరిచి, కంపెనీకి పంపితే చాలు. కాగితానికి ఎత్తించే పనే లేకుండా, రంగురంగుల బొమ్మ ఆ షీటు మీదే తిరిగి వచ్చేది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే పిట్ట పిట్టలాగే కనిపించేది. పోర్టర్ ఆ దారిలోనే సాగాడు. 1941లో ఈ పనికే అతనికి గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ దక్కింది. 1943లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం అతని రంగుల పిట్టలను ప్రదర్శించింది.

వెలుగుకు అడ్డం పెట్టి చూసే ఇలాంటి రంగు ఫొటోను ట్రాన్స్‌పరెన్సీ అంటారు. అది అప్పటికి కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు 1907లోనే ఆటోక్రోమ్ ప్లేట్లను అమ్మకానికి పెట్టారు. కంటికి కనబడనంత సన్నటి బంగాళాదుంప పిండి రేణువులను తీసుకుని, కొన్నిటికి నారింజ, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి ఊదా రంగు పట్టించి, కలిపి, గాజు పలక మీద ఒకే పొరగా పరిచేవారు. సందుల్లో నల్లటి మసి నింపేవారు. దాని మీద వెలుగుకు స్పందించే ఎమల్షన్ పొర. ప్రతి రేణువూ ఒక చిన్న ఫిల్టర్ అన్నమాట. పారిస్ బ్యాంకరు ఆల్బర్ట్ కాన్ తన ‘భూగ్రహ భాండాగారం’ కోసం దేశదేశాలకు ఫొటోగ్రాఫర్లను పంపి 72 వేల ఆటోక్రోమ్‌లు పోగుచేశాడు. వాళ్లలో స్తెఫాన్ పాసే 1913, 1914ల్లో మన దేశానికీ వచ్చాడు. ఆటోక్రోమ్‌లో ఉన్న చిక్కల్లా చీకటి. పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని ఆ రేణువులే మింగేసేవి. మండుటెండలో కూడా షట్టర్‌ను సెకను, అంతకంటే ఎక్కువ సేపు తెరిచి ఉంచవలసి వచ్చేది. పూర్తయిన పలకను వెనక నుంచి ఎంత వెలుగు పంపి చూసినా మసకగానే ఉండేది.

రేణువులూ ఫిల్టర్లూ లేకుండా, ఒకే ఫిల్మ్ మీద మూడు పొరలు పేర్చి, ఒక్కో పొర ఒక్కో రంగును పట్టుకునేలా చేయలేమా? ఈ ప్రశ్నను పట్టుకుని విడవనివాళ్లు ఇద్దరు సంగీతకారులు. ఇద్దరి పేరూ లియోపోల్డే. లియోపోల్డ్ మానెస్ పియానో వాయించేవాడు. అతని తల్లిదండ్రులు న్యూయార్క్‌లో సంగీత పాఠశాల నడిపేవారు. లియోపోల్డ్ గొడౌస్కీ వయొలిన్ విద్వాంసుడు. ప్రసిద్ధ పియానిస్టు గొడౌస్కీ కొడుకు, తర్వాత స్వరకర్త జార్జ్ గెర్ష్విన్‌కు బావ అయ్యాడు. ఇద్దరూ చదువుకునే వయసులో 1917లో ‘అవర్ నేవీ’ అనే సినిమాకు వెళ్లారు. రంగుల సినిమా అని ప్రకటించారు. తెర మీద రంగు నాసిగా ఉంది. ఇంతకంటే మనమే బాగా చేయగలమనుకున్నారు ఆ కుర్రాళ్లు. ఆ పట్టుదల పద్దెనిమిదేళ్లు నడిచింది.

మొదట వంటింటి తొట్టెల్లో, స్నానాల గదుల్లో ప్రయోగాలు. పగలు కచేరీలు, సంగీత పాఠాలు, మిగిలిన వేళల్లో రసాయనాలు. 1922 ప్రాంతంలో కూన్ లోబ్ బ్యాంకు నుంచి ఒక యువ ఉద్యోగి వీళ్ల పని నిగ్గు తేల్చుకోవడానికి వచ్చాడట. ప్లేటు మీద బొమ్మ తేలడానికి బాగా ఆలస్యమవుతుంటే, వచ్చిన మనిషి లేచి వెళ్లకుండా ఇద్దరూ వయొలిన్, పియానో అందుకుని సొనాటా వాయించి కూర్చోబెట్టారని చెబుతారు. బ్యాంకు 20 వేల డాలర్లు అప్పిచ్చింది. ఆ ఉద్యోగి లూయిస్ స్ట్రాస్, తర్వాతి కాలంలో అమెరికా అణుశక్తి కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు.

కోడాక్ పరిశోధనశాల అధిపతి కెన్నెత్ మీస్ వీళ్లను ఎప్పటినుంచో గమనిస్తున్నాడు. అవసరమైన ప్లేట్లు పంపుతూ ఉండేవాడు. చివరికి 1930లో కంపెనీ ఉన్న రోచెస్టర్‌కే వచ్చి పనిచేయమని పిలిచాడు. రసాయన శాస్త్రంలో పట్టాలున్న ఉద్యోగుల మధ్యకు ఇద్దరు విద్వాంసులు వచ్చి చేరారు. కటిక చీకట్లో గడియారం ముళ్లు కనబడవు కదా. ఎమల్షన్‌లోకి రసాయనం ఎంతసేపు దిగాలో కొలవడానికి బ్రామ్స్ సి మైనర్ సింఫనీ ఆఖరి ఘట్టాన్ని సెకనుకు రెండు దెబ్బల లెక్కన ఈలవేసేవారు. అది అక్కడివాళ్లకు చాదస్తంగా కనిపించి ఉండవచ్చు. కానీ లయజ్ఞానం స్థిరపడినవాడికి కాలాన్ని కొలవడానికి అంతకంటే నమ్మకమైన సాధనం ఏముంటుంది?

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. 1911, 1912ల్లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫిషర్ ఒక ఉపాయం చెప్పాడు. వెలుగు తాకిన వెండి లవణాన్ని డెవలపర్ వెండిగా మార్చేటప్పుడు డెవలపర్‌లో కొంత భాగం తన శక్తి పోగొట్టుకుంటుంది. అలా అరిగిన డెవలపర్‌తో కలిసి రంగుగా మారే పదార్థాన్ని దగ్గర్లో ఉంచితే, వెండి ఏర్పడిన చోటే రంగూ ఏర్పడుతుంది. ఆ పదార్థాన్నే కప్లర్ అంటారు. ఫిషర్ వాటిని ఫిల్మ్ పొరల్లోనే పెట్టాలనుకున్నాడు. అవి ఒకచోట ఉండకుండా ఒక పొర నుంచి ఇంకో పొరలోకి పారిపోయేవి.

మానెస్, గొడౌస్కీ కప్లర్లను ఫిల్మ్‌లో పెట్టడం మానేశారు. ఫిల్మ్‌లో మూడు నలుపు తెలుపు పొరలే ఉంచి, రంగులన్నిటినీ డెవలప్ చేసేటప్పుడు బయటి ద్రావణాల్లో కలిపి లోపలికి పంపారు. 1935 ఏప్రిల్‌లో 16 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మ్‌గా కోడాక్రోమ్ బజారులోకి వచ్చింది. మరుసటి ఏడాది 35 మిల్లీమీటర్ల స్లైడ్లు. మొదటి పద్ధతిలో 28 అంచెలు, మూడున్నర గంటల పని. మూడు పొరలకూ ఒకే రంగు పట్టించి, పై పొరల్లో రంగును బ్లీచ్‌తో తుడిచి, మళ్లీ వేరే రంగు పట్టించేవారు. బ్లీచ్ ఎంత లోతు వరకు దిగాలో అంతవరకే దిగి ఆగాలి. అది కత్తిమీద సాము. అంత కష్టపడ్డా రంగులు నిలవలేదు, కొన్నేళ్లకే వెలిసిపోయాయి.

1938లో పద్ధతి మారింది. నాకు ఈ కథ మొత్తంలో అపురూపంగా తోచేది ఈ మార్పే. ఫిల్మ్‌లో నీలం పట్టే పొర పైన, ఎరుపు పట్టే పొర అడుగున, ఆకుపచ్చ పట్టేది మధ్యన ఉంటాయి. ముందు నలుపు తెలుపు డెవలపర్‌లో ముంచితే మూడు పొరల్లోనూ నెగటివ్ బొమ్మ వస్తుంది. మనకు కావలసిన పాజిటివ్ ఇంకా డెవలప్ కాని లవణంలో దాగి ఉంది. అప్పుడు అడుగు వైపు నుంచి ఎర్రటి వెలుగు పంపితే ఎరుపు పొర ఒక్కటే స్పందిస్తుంది. దానికి ఆకాశనీలం రంగు పట్టిస్తారు. పై నుంచి నీలి వెలుగు పంపితే పై పొర స్పందిస్తుంది. దానికి పసుపు. మిగిలిన మధ్య పొరను రసాయనంతో మేల్కొలిపి మెజెంటా ఇస్తారు. చివరికి వెండినంతా కరిగించి కడిగేస్తే రంగులే మిగులుతాయి. లోతు కొలిచే బెడద పోయింది. ఏ పొర ఎప్పుడు కదలాలో వెలుగే చెబుతుంది. రంగులూ గట్టిపడ్డాయి. షీటు ఫిల్మ్ వచ్చింది కూడా అదే ఏడాది.

ఆ రంగులు ఎంత గట్టివో చూడాలంటే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్న యుద్ధకాలపు కోడాక్రోమ్‌లను చూడాలి. రాయ్ స్ట్రైకర్ నడిపిన వ్యవసాయ భద్రతా సంస్థ ఫొటో విభాగం, ఆ తర్వాత యుద్ధ సమాచార కార్యాలయం కలిసి 1939 నుంచి 1944 వరకు తీయించిన రంగు ఫొటోలు దాదాపు 1,600. వాటిలో చాలా భాగం 4×5 అంగుళాల షీట్లు. 1942లో ఆల్‌ఫ్రెడ్ పామర్ విమాన కర్మాగారాల్లో పనిచేసే ఆడవాళ్లను తీశాడు. తలకు కట్టిన గుడ్డ ఎరుపు, రివెట్ల వరసల మీద వెలుగు ఇప్పటికీ నిన్ననే తీసినట్టుంటాయి. జాక్ డెలానో ఆ చలికాలంలో షికాగో రైల్వే యార్డుల్లో తిరిగాడు. ఆనాటి కోడాక్రోమ్ వేగం నేటి ఐఎస్ఓ లెక్కలో 10 చుట్టుపక్కల. ఆ ఫిల్మ్‌తో రాత్రిపూట తీయాలంటే షట్టర్‌ను అలా తెరిచే ఉంచాలి. పట్టాల మీద నడిచే మనుషుల చేతి లాంతర్లు ఆ షీట్ల మీద వెలుగు గీతలైపోయాయి. అమెరికా ఆర్థిక మాంద్యాన్నీ ఆ యుద్ధాన్నీ నలుపు తెలుపుల్లోనే ఊహించుకోవడానికి అలవాటుపడిన కంటికి ఈ షీట్లు పెద్ద కుదుపు.

అయినా పెద్ద కెమెరావాళ్లను ట్రాన్స్‌పరెన్సీకి కట్టిపడేసినది రంగుల మన్నిక ఒక్కటే కాదు. అచ్చు ఆఫీసు.

పత్రిక కవరుకు రంగు బొమ్మ వేయాలంటే దాన్ని ఆకాశనీలం, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ప్లేట్లుగా విడగొట్టాలి. బొమ్మను విడగొట్టేవాడికి మొదట ఒక సంగతి తెలియాలి. అసలు రంగు ఏది? నెగటివ్ ఇస్తే అతనికి ఏమీ తెలియదు. రంగు నెగటివ్‌లో ఆకాశం ఇటుకరంగులో ఉంటుంది, గడ్డి ఊదాగా ఉంటుంది, అన్నిటి మీదా నారింజ ముసుగు. దాని నుంచి ప్రింటు వేసిన మనిషి చీర ఎర్రదనుకుంటే ఎర్రది, కుంకుమరంగనుకుంటే కుంకుమరంగు. ట్రాన్స్‌పరెన్సీలో ఆ తగువు రాదు. అడుగు నుంచి వెలుగు వచ్చే లైట్ టేబుల్ మీద పెడితే ఫొటోగ్రాఫర్, సంపాదకుడు, ప్లేటు చేసేవాడు, ప్రకటన ఇచ్చిన వ్యాపారి అందరూ ఒకే వస్తువును చూస్తారు. ప్రూఫ్ వచ్చాక దాని పక్కనే పెట్టి, ఇక్కడ పసుపు ఎక్కువైంది, అక్కడ నలుపు తగ్గించు అని వేలు పెట్టి చూపిస్తారు. ఆ వెలుగు కూడా అందరికీ ఒకటే ఉండాలని అచ్చు పరిశ్రమ 5,000 కెల్విన్ల దీపాలను ప్రమాణంగా పెట్టుకుంది. డ్రమ్ స్కానర్లు వచ్చాక ఆ షీటునే పారదర్శకమైన డ్రమ్ చుట్టూ చుట్టి, గిరగిరా తిప్పుతూ, సన్నటి వెలుగు రేఖతో చుక్క చుక్కగా చదివించేవారు. మన వారపత్రికల్లోనూ కవరు బొమ్మకు ట్రాన్స్‌పరెన్సీయే అడిగేవారు. అడగడానికి కారణమూ ఇదే.

షీటు పెద్దదైతే ఈ సౌకర్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 35 మిల్లీమీటర్ల స్లైడును భూతద్దం లేకుండా ఎవరూ అంచనా వేయలేరు. 4×5 షీటు వైశాల్యం దానికి దాదాపు 15 రెట్లు, 8×10 షీటుది దాదాపు 60 రెట్లు. బల్లకు ఇటువైపు కూర్చున్నవాడికీ అటువైపు కూర్చున్నవాడికీ బొమ్మ తెలుస్తుంది. ప్రకటనల స్టూడియోల్లో పేజీ నమూనాను పారదర్శక కాగితం మీద గీసి, కెమెరా వెనకున్న గ్రౌండ్ గ్లాసుకు అంటించి, అక్షరాలు ఎక్కడ పడతాయో చూసుకుంటూ సీసాలను అటూఇటూ జరిపేవారు. షీటును అచ్చులో ఉండే కొలతకే తీసేవారు. 8×10 షీటు మీద నిపుణులు సన్నటి కుంచెతో రంగులు దిద్దేవారు కూడా.

ఈ అవసరాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న పత్రిక ‘అరిజోనా హైవేస్’. దాన్ని నడిపేది ఆ రాష్ట్ర రోడ్ల శాఖ! రోడ్ల కంట్రాక్టుల సమాచారంతో మొదలైన ఆ పత్రికను రేమండ్ కార్ల్‌సన్ సంపాదకుడయ్యాక ఎడారుల, లోయల రంగుల పత్రికగా మార్చాడు. 1946 డిసెంబర్ సంచికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రంగుల్లో వేశాడు. పెద్ద షీట్ల మీద ఆ పత్రికకున్న పట్టుదల పేరుమోసింది. జోసెఫ్ మ్యూయెంచ్, ఆ తర్వాత అతని కొడుకు డేవిడ్ మ్యూయెంచ్ లాంటివాళ్లు మూడు కాళ్ల స్టాండు, బెలోస్ కెమెరా మోసుకుని కొండలెక్కింది ఆ పేజీల కోసమే.

1946లోనే ఇంకో మలుపు. అంతకు పదేళ్ల ముందు జర్మనీలో వోల్ఫెన్ పట్టణంలోని ఆగ్ఫా రసాయన శాస్త్రవేత్తలు ఫిషర్ చిక్కుముడిని విప్పారు. కప్లర్ అణువుకు పొడవాటి తోక తగిలిస్తే అది జెలటిన్‌లో చిక్కుకుని కదలదని కనిపెట్టారు. (1970ల సినిమా పోస్టర్ల మీద ‘ఆర్వో కలర్’ అని చదివినవాళ్లకు ఆ ఊరి పేరు తెలియకుండానే తెలుసు. ఆర్వో అంటే ‘ఒరిజినల్ వోల్ఫెన్’.) కోడాక్ వేరే దారిలో వెళ్లి కప్లర్లను సన్నటి నూనె బిందువుల్లో బంధించింది. అలా 1946లో వచ్చినదే ఎక్టాక్రోమ్ షీటు. కోడాక్రోమ్‌ను కంపెనీకే పంపాలి, ఎక్టాక్రోమ్‌ను స్టూడియోలోనే కడుక్కోవచ్చు. సెట్టు విప్పకముందే, మోడల్ ఇంటికి వెళ్లకముందే ఫలితం చేతికొస్తుంది. ఆ సౌకర్యం ముందు కోడాక్రోమ్ షీటు నిలవలేదు, 1950ల మొదట్లో దాన్ని ఆపేశారు. తొలినాటి ఎక్టాక్రోమ్ రంగులు కోడాక్రోమ్‌లా నిలవవని తర్వాత తేలింది. అప్పటి షీట్లలో ఎన్నో ఇప్పుడు ఎర్రబారి ఉన్నాయి. త్వరగా కావాలన్న తొందరకు చెల్లించిన ధర అది, చిన్న ధరేమీ కాదు. 1970ల రెండో సగంలో వచ్చిన ఈ-6 పద్ధతితో ఈ కడుగుడు ప్రపంచమంతా ఒకే తీరుకు వచ్చింది. 38 డిగ్రీల వేడిలో మొదటి డెవలపర్ ఆరు నిమిషాలు. ఏ నగరంలో కడిగించినా అదే రంగు.

నెగటివ్‌ను తిరగేసి అదే ఫిల్మ్ మీద పాజిటివ్ తెచ్చే ఈ రివర్సల్ పద్ధతిలో ఇంకో లాభం దాగి ఉంది. ఎమల్షన్‌లో వెలుగుకు ముందుగా స్పందించేవి పెద్ద రేణువులు. అవి మొదటి డెవలపర్‌లోనే నెగటివ్‌గా ఖర్చయిపోతాయి. పాజిటివ్ బొమ్మ మిగిలిన సన్న రేణువుల నుంచి పుడుతుంది. అందుకే బొమ్మ అంత నున్నగా ఉంటుంది. నలుపు సంగతీ అంతే. కాగితం మీది ప్రింటులో ఎంత నల్లటి భాగమైనా, పడిన వెలుగులో సుమారు నూరోవంతును తిప్పి పంపుతుంది. మంచి ట్రాన్స్‌పరెన్సీలో నల్లటి భాగం గుండా వెయ్యోవంతు కూడా రాదు. ఆ లోతైన నలుపుకూ పక్కనే మెరిసే తెలుపుకూ మధ్య ఉన్న దూరం వల్లే, లైట్ టేబుల్ మీది 8×10 షీటును మొదటిసారి చూసినవాళ్లు దాని మీద నుంచి తల తిప్పుకోలేరు.

ఇంత ఇచ్చే ఫిల్మ్ తిరిగి అడిగేదీ ఎక్కువే. రంగు నెగటివ్ మీద వెలుగు రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం) ఎక్కువ పడినా ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. ట్రాన్స్‌పరెన్సీ పట్టుకోగలిగేది మొత్తం అయిదు స్టాపుల పరిధి. అర స్టాపు ఎక్కువైతే మబ్బు అంచు కరిగిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా రాదు. అందుకే పెద్ద కెమెరావాడు స్పాట్ మీటరుతో ముందు మబ్బును కొలుస్తాడు, తర్వాత రాతి నీడను, తర్వాత తడి ఇసుకను. మబ్బుకూ నేలకూ మధ్య తేడా ఫిల్మ్ పరిధిని దాటితే పై సగం మసకగా ఉండే ఫిల్టర్‌ను లెన్సు ముందు పెట్టి ఆకాశాన్ని తగ్గిస్తాడు. అప్పటికీ కుదరకపోతే ఎండ తగ్గేదాకా కూర్చుంటాడు, లేదా తీయకుండానే దిగి వస్తాడు. ఒక్కో హోల్డర్‌లో రెండు షీట్లుంటాయి. రెండిటికీ ఒకే ఎక్స్‌పోజర్ ఇచ్చి, ముందు ఒకటే కడిగించి చూసి, అది కొంచెం ముదురుగా ఉంటే రెండోదాన్ని డెవలపర్‌లో మరికొంతసేపు ఉంచమని చెప్పే పద్ధతి చాలామందికి ఉండేది. పొరపాటుకు చోటివ్వని ఈ తీరును ఇబ్బంది అనేవాళ్లున్నారు. నాకైతే పెద్ద షీటు మీద ట్రాన్స్‌పరెన్సీ వాడటానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదే అనిపిస్తుంది. నిర్ణయాలు దాదాపు అన్నీ కొండ మీద, వెలుగు ఎదుట, కళ్లముందు దృశ్యం ఉండగానే జరుగుతాయి. డార్క్‌రూమ్‌కు వాయిదా వేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఆన్సెల్ ఆడమ్స్‌కు ఇది నచ్చలేదు. అతను కూడా సంగీతం నుంచి వచ్చినవాడే, పియానో నేర్చి వృత్తిగా చేసుకోవాలనుకున్నవాడు. నెగటివ్ స్వరలిపి లాంటిది, ప్రింటు కచేరీ లాంటిది అని అతని ప్రసిద్ధమైన పోలిక. ఒకే స్వరలిపిని ఏటా కొత్తగా వాయించవచ్చు. కోడాక్ కోసం, ఇతర సంస్థల కోసం అతను రంగు ట్రాన్స్‌పరెన్సీలు ఎన్నో తీశాడు. కానీ తన కళగా వాటిని పెద్దగా ముందుకు తేలేదు. నలుపు తెలుపు ప్రింటులో తనకున్న అదుపు అందులో లేదని అతని ఫిర్యాదు. అతని వైపు నుంచి చూస్తే అది సబబే. మానెస్, గొడౌస్కీ చేసిన ఫిల్మ్‌లో స్వరలిపీ కచేరీ ఒకే షీటు మీద, ఒకే క్షణంలో జరిగిపోతాయి. వేదిక మీద వాయించి బతికిన ఆ ఇద్దరికీ అందులో లోటేమీ కనిపించి ఉండదు.

పోర్టర్ మాత్రం రెండు దారులనూ కలిపాడు. తన ట్రాన్స్‌పరెన్సీల నుంచి తానే డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు వేసుకున్నాడు. షీటులో ఉన్న వెలుగు నీడల తేడా కాగితానికి మరీ ఎక్కువ కాబట్టి, ముందు మసక నెగటివ్ మాస్కులు చేసి ఆ తేడాను తగ్గించేవాడు. తర్వాత మూడు రంగులకు మూడు విడి నెగటివ్‌లు తీసి, ఒక్కోదాని నుంచి ఒక మాతృక చేసి, రంగులో ముంచి కాగితం మీద ఒత్తేవాడు. 1962లో ప్రకృతి పరిరక్షణ సంస్థ సియెర్రా క్లబ్ తరఫున డేవిడ్ బ్రోవర్ ప్రచురించిన ‘ఇన్ వైల్డ్‌నెస్ ఈజ్ ది ప్రిజర్వేషన్ ఆఫ్ ది వరల్డ్’ పుస్తకంలో అమెరికన్ రచయిత థోరో రచనల పక్కన పోర్టర్ తీసిన న్యూ ఇంగ్లండ్ అడవులున్నాయి. ఎండుటాకులు, నీటి మీద పడిన మేపుల్ చెట్ల ఎరుపు, నాచు పట్టిన రాళ్లు. గొప్ప శిఖరాలేవీ ఉండవు. రంగు ఫొటో అంటే ప్రకటనల సరుకని చిన్నచూపు చూసినవాళ్లను ఆ పుస్తకం ఆలోచనలో పడేసింది. అడవులను కాపాడాలనేవాళ్ల చేతికి రంగు ఒక ఆయుధమైంది.

1990లో జపాన్ నుంచి ఫ్యూజీ కంపెనీ వెల్వియా తెచ్చింది. వేగం ఐఎస్ఓ 50. సన్న రేణువు, గాఢమైన ఆకుపచ్చ, ఎరుపు. ఇంగ్లండ్‌లో జో కార్నిష్ లాంటి ప్రకృతి ఫొటోగ్రాఫర్లు దాన్ని 4×5 కెమెరాల్లో ఎక్కించారు. ఒక మాట చెప్పాలి. వెల్వియాలో కనిపించే సంధ్య ఎరుపు ఆకాశంలో ఉన్న ఎరుపు కాదు, దానికంటే కొంత ఎక్కువ. ట్రాన్స్‌పరెన్సీ అబద్ధమాడదనేవాళ్లతో నేను ఒప్పుకోను. ప్రతి ఫిల్మ్‌కూ తన ఇష్టాలుంటాయి. అది ప్రకృతికి నకలు కాదు, ఆ ఫొటోకు అసలు. పోర్టర్ పిట్టల దగ్గరా ఇంతే. కోడాక్రోమ్ పసుపు ఈక పసుపు కాకపోవచ్చు, కానీ ఏ పసుపును అచ్చువేయాలో అందరికీ ఒకే జవాబిచ్చింది.

ఆ తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చి అచ్చు ఆఫీసుల నుంచి లైట్ టేబుళ్లను ఖాళీ చేయించాయి. కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది. దాన్ని కడిగే చివరి లాబొరేటరీ, కాన్సస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊరిలోనిది, 2010 చివరి వరకు పనిచేసి ఆపేసింది. 2012లో కోడాక్ ఎక్టాక్రోమ్‌నూ మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇక అయిపోయిందనుకున్నారు. 2018లో అదే ఎక్టాక్రోమ్ మళ్లీ 35 మిల్లీమీటర్ల రీళ్లలో తిరిగి వచ్చింది. 2019 డిసెంబర్‌లో 4×5 షీట్లుగా కూడా వచ్చింది. ఫ్యూజీవాళ్ల వెల్వియా 100 మాత్రం 2021లో అమెరికా నుంచి తప్పుకుంది. దాని పొరల్లో ఉన్న ఒక రసాయనాన్ని ఆ దేశ పర్యావరణ సంస్థ నిషేధించింది.

ఇప్పుడు ఈ షీట్లు కొనేవాళ్లు చాలా తక్కువ. పెట్టెకు పది షీట్లు. ఒక్కోదాని ధర తలచుకుంటేనే చేయి ఆగుతుంది. నెగటివ్ షీటు చవక, వెలుగు హెచ్చుతగ్గుల్ని ఓర్చుకుంటుంది, స్కానర్లకూ బాగానే లొంగుతుంది. అయినా కొందరు ట్రాన్స్‌పరెన్సీయే అడుగుతున్నారు. నెగటివ్‌ను స్కాన్ చేసినప్పుడు నారింజ ముసుగును తీసేసి రంగులు తిరగేసేది సాఫ్ట్‌వేర్. రెండు సాఫ్ట్‌వేర్లు రెండు రకాల ఆకాశాలు ఇస్తాయి, ఏది సరైనదో చెప్పేవాళ్లుండరు. ట్రాన్స్‌పరెన్సీ స్కాన్ చేసేవాడు మానిటర్ పక్కన 5,000 కెల్విన్ల లైట్ టేబుల్ వెలిగించి, షీటును దాని మీద పెట్టి, తెర మీది రంగును షీటులోని రంగుకు దగ్గరికి తెచ్చేదాకా దిద్దుతాడు.